పిలువని పేరంటము

ప్రజారోగ్యమును గూర్చిన ప్రసంగము వచ్చినప్పుడెల్ల ఒక మాట మా చెవిని బడుచున్నది. ఆరోగ్యశాఖ కచ్చేరీలలోను, పట్టణములందలి పఠనమందిరములలోను, చదువుకొన్న పెద్దమనుష్యుల సంభాషణలలోను అదే మాట. "క్యాన్సరునకు ముందుగనే పరీక్షలు పెట్టినారు, ఉచితముగనే చేయుచున్నారు, కాని మన యాడవారు రారు. వారికి సిగ్గు, భయము, అజ్ఞానము. ఎవరేమి చేయగలరు?" ఇట్లని నిట్టూర్చి, ఆ నిట్టూర్పుతోనే తమ బాధ్యత తీరినదని తలంచుచున్నారు. ఈ మాట అబద్ధమని మేము చెప్పుచున్నాము. వట్టి అబద్ధము కాదు. ఏటేట వేలకొలది ప్రాణములను బలిగొనుచున్న అబద్ధము.

ముందుగ లెక్కను చూతము. 2019 మొదలు 2021 వరకు జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, మనదేశమున 30 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకై జీవితమున ఒక్కమారైనను పరీక్ష పొందినవారు నూటికి 1.9. రొమ్ముపరీక్ష పొందినవారు నూటికి 0.9. ఈ విషయమున ముందడుగు వేసినదని పేరుగన్న తమిళనాటనైనను ముఖద్వార పరీక్ష పొందినవారు నూటికి పదిమందికి లోపే. ఆ సర్వే తరువాత పని కొంత పెరిగినదనువారితో మేము తగవు పడము. కాని 2030 నాటికి నూటికి 70 మంది స్త్రీలకు ఈ పరీక్ష జరిగితీరవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 లో గురి నిర్ణయించినది. ఇద్దరి నుండి డెబ్బదిమంది వరకు పోవలసిన త్రోవలో నిలుచుండి మనము ఆడువారి సిగ్గును గూర్చి ముచ్చటించుకొనుచున్నాము.

ఈ వ్యాధి స్వభావమెరుగనివారికి రెండు మాటలు చెప్పవలసియున్నది. మన పెద్దలు రాచపుండని పేరెత్తుటకే జంకిన రోగములలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు ఒక విశేషము గలది. అది ఒక రాత్రిలో వచ్చి పడదు. హెచ్‌.పి.వి. అను వైరసు సోకి, శరీరము దానిని వదలించుకొనలేనప్పుడు, ఆ చోటి కణములు మెల్లమెల్లగా మారి, పదియో పదునైదో సంవత్సరములు గడచినపిదప వ్రణమగును. ఇంతటి గడువిచ్చు శత్రువు అరుదు. ఈ గడువులో దానిని కనిపెట్టుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. వెనిగరులో నుండు ఆమ్లమును నూటికి మూడునుండి ఐదు పాళ్లుగ నీట కలిపి, దూదితో అద్ది, ఒక నిమిషమాగి వెలుతురులో చూచినచో, మార్పుచెందిన భాగము తెల్లబడి కనుపించును. తరిఫీదుపొందిన నర్సు ఈ పని చేయగలదు. వ్యాధి ముదరకమునుపు ఆ మచ్చను మిక్కిలి చల్లదనముచేత గాని వేడిమిచేత గాని కొద్ది నిమిషములలో మాపవచ్చును. గోటితో పోవు పని యిది. దానిని మనము గొడ్డలిదాక తెచ్చుకొనుచున్నాము. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారము మనదేశమున ఏట 1 లక్షా 20 వేలమందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సరు కలుగుచున్నది. 75 వేలమందికి పైగా దీనిచే మరణించుచున్నారు.

ఇక సాక్ష్యమునకు వత్తము. నేరము మోపినవాడు దానిని రుజువుపరుపవలెను. ఇది న్యాయస్థానమున మొదటి సూత్రము. "ఆడవారు రారు" అనువారు ఇంతవరకు తమ అభిప్రాయము తప్ప వేరు సాక్ష్యము చూపలేదు. మా సాక్ష్యము లెక్కలతో గూడియున్నది.

మహారాష్ట్రములో నేడు ధారాశివమని పేరుమార్చబడిన ఉస్మానాబాదు జిల్లా కరవుసీమ. సమీపమున బార్శీ పట్టణమందలి క్యాన్సరు వైద్యశాలవారు, టాటా స్మారక వైద్యశాలవారు, అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థవారును కలిసి 1999 మొదలు అచ్చటి పల్లెలలో 30 మొదలు 59 ఏండ్ల స్త్రీలు 1,31,746 మందితో ఒక పరిశోధన సాగించిరి. వారిలో ఒక వర్గమువారికి హెచ్‌.పి.వి. వైరసును కనిపెట్టు పరీక్ష ఏర్పాటు చేసిరి. పిలిచినది 34,126 మందిని. వచ్చినది 27,192 మంది. అనగా నూటికి 80 మందికి దగ్గర. వీరు ఇంగ్లీషు చదివిన పట్టణవాసినులు కారు. పొలముపనులు చేసికొను పల్లెటూరి స్త్రీలు. బొంబాయి మురికివాడలలో 1998 నుండి డాక్టరు సురేంద్ర శాస్త్రిగారి యాధ్వర్యమున, పదవతరగతి చదివిన స్త్రీలకు కొలదివారములు తరిఫీదిచ్చి, సుమారు 75 వేలమందికి రెండేండ్లకొక పర్యాయము వెనిగరు పరీక్ష జరిపించిరి. పరీక్షకు వచ్చినవారు నూటికి 89 మంది. దక్షిణమున దిండిగల్లు జిల్లాలో డాక్టరు రంగస్వామి శంకరనారాయణన్ ప్రభృతులు జరిపిన పరిశోధనలో నూటికి 63 మంది వచ్చిరి. ఇచ్చట నూటికి 63, అచ్చట 80, మరొకచోట 89. దేశమంతట చూచిన 2 కు లోపు. ఈ దేశపు స్త్రీలే గదా అందరును! సిగ్గు వారికి లేకపోయెనా?

రెండవ సాక్ష్యము నోటి పరీక్ష. నోరు తెరచి చూపుటలో మానమర్యాదలకు భంగమేమియు లేదు. దీపమొకటి, చూచువారి కన్నొకటి యున్న చాలును. ఈ చూపుతో, పొగాకు, మద్యము అలవాటు గలవారిలో నోటిక్యాన్సరు మరణములు మూడవవంతు తగ్గునని తిరువనంతపురమున జరిగిన పరిశోధన 2005 లో నిరూపించినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో నిప్పుకొనను నోటిలోపలికి మరల్చి చుట్టకాల్చు "అడ్డపొగ" అలవాటు ఉన్నదనియు, దానివలన అంగిలి మాడి అచ్చటనే క్యాన్సరు పుట్టుచున్నదనియు మన వైద్యులు యాభై ఏండ్లకు పూర్వమే తెలియజెప్పిరి. అయినను, అదే కుటుంబారోగ్య సర్వేలో, నోటిపరీక్ష పొందిన స్త్రీలు నూటికి 0.9, పురుషులు నూటికి 1.2. సిగ్గే కారణమైనచో, నోరు తెరచుటకు పురుషులకు వచ్చిన సిగ్గేమి? కావున కారణము పరీక్షింపబడువారిలో లేదు, పరీక్షింపవలసినవారిలో నున్నది.

మూడవ సాక్ష్యము మన తెలుగునాటిది, చెప్పుటకు సిగ్గైనది. ఆడవారు ఆసుపత్రిగడప త్రొక్కరనుచున్నారే, అదే సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నూటికి ఎనిమిదిమందికి పైగా ఉన్నారు. దేశమున ఈ రెండు రాష్ట్రములే ముందువరుసలో నున్నవి. అప్పుచేసి, నగలు కుదువబెట్టి, కత్తిక్రింద పండుకొన్నవారికి ఒక నిమిషపు పరీక్షకు సిగ్గు అడ్డమగునా? తెల్లబట్టయనియు కడుపునొప్పియనియు పోయిన స్త్రీని "క్యాన్సరగును, తీయించుకొనుము" అని బెదరించి కోసిన వైద్యులున్నారన్న సంగతి పలుమారులు బయటపడినది. ఆమె భయమును సొమ్ముచేసికొనువారు ఆమెను వెదకుకొని పోయిరి. ఆమె ప్రాణమును కాపాడవలసినవారు ఆమె వచ్చునేమోయని కూరుచుండిరి.

మరియొక సంగతి గలదు. దానిని వ్రాయునప్పుడు మా చేయి వణకుచున్నది. అయినను వ్రాయక తప్పదు. పైన చెప్పిన పరిశోధనల ఫలితము లోకమునకు వెలుగైనది. ఒక్కమారు వైరసు పరీక్ష చేసినంతమాత్రమున మరణములు సగమునకు తగ్గినవని ఉస్మానాబాదు నుండి 2009 లో తెలియవచ్చెను. వెనిగరు పరీక్షచేత దిండిగల్లున నూటికి 35 పాళ్లు తగ్గినవని 2007 లోను, బొంబాయిలో 31 పాళ్లు తగ్గినవని 2013 లోను వెల్లడియైనది. తగ్గుదలను ఎట్లు కనుగొనిరి? పరీక్ష చేయని స్త్రీల వర్గము నొకదానిని ప్రక్కన నిలిపి, రెండు వర్గముల మరణములను పోల్చి చూచిరి. పరీక్ష లేక నిలుపబడిన ఆ వర్గములలో, మూడు పరిశోధనలలోను కలిపి, 250 మందికి పైగా స్త్రీలు ఈ వ్యాధితో మరణించిరి. విదేశముల నుండి వచ్చిన ధనముతో, మన పేదస్త్రీలపై నడచిన పరిశోధనలివి. ఇది ధర్మమా యని ప్రశ్నించినవారికి సమాధానమేమనగా: "ఈ దేశమున ఎవ్వరికిని పరీక్ష లేదు; కావున వారికి లేకుండుట దేశాచారమే."

ఈ సమాధానము పరిశోధకులను విడిపించునో లేదో మేము తీర్పుచెప్పబోము. కాని అది మనలను, మన ప్రభుత్వములను బోనులో నిలుపుచున్నది. 250 మంది తల్లుల చావులను కొలబద్దగా జేసి మనము తెలిసికొన్న సత్యమిది. ఆ సత్యమును ఉపయోగించుకొన్న దేశములున్నవి. బొంబాయి పద్ధతిని దేశమంతట జరిపినచో ఏటికి 22 వేల ప్రాణములు నిలుచునని 2013 లో ఆ పరిశోధకులే లెక్కగట్టిరి. మన నేల పండించిన పంట మన యింటికి చేరలేదు. పెరటిచెట్టు మందునకు పనికిరాదన్న సామెత ఇంతకంటె ఘోరముగ ఎచ్చటను నిజము కాలేదు. ఆ స్త్రీలకు మనము ఋణపడియున్నాము. "ఆడవారు రారు" అనుట ఆ ఋణమును ఎగవేయుటకై చేయు వాదము.

అట్లయిన అడ్డమేమి? బార్శీలో నున్నదేమి, మన మండలములలో లేనిదేమి? కూలిచేసికొను నలువదియేండ్ల స్త్రీ నొకతెను తలచుకొనుడు. ప్రభుత్వము 2016 లో వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము 30 మొదలు 65 ఏండ్ల వరకు ఐదేండ్లకొకమారు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షింపవలెను. ఆశా కార్యకర్త కాగితము పట్టుకొని వచ్చి ప్రశ్నలడుగును. జవాబులు వ్రాసికొని, ఆరోగ్యకేంద్రమునకు పొమ్మనును. పోవలెనన్న ఆనాటి కూలి పోవును. పోయినచో, పరీక్ష ఏనాడో తెలియదు. చూచునది ఆడుదో మగవాడో తెలియదు. తెరగట్టిన గదియున్నదో లేదో తెలియదు. పరీక్షలో అనుమానము తోచినచో పెద్దాసుపత్రికి పొమ్మందురు. అచ్చట ముక్కదీసి పంపి, ఫలితమునకు మరల రమ్మందురు. మూడవ ప్రయాణము, నాల్గవ ప్రయాణము. ప్రతి ప్రయాణమునకు బస్సుచార్జీ, పోయిన కూలి, తోడు వచ్చువాని కూలి, పిల్లలకన్నము వండువారెవరను చింత. ఇంటిలో భర్తగారి యనుమతి, "నీకేమి రోగము? బాగుగనే యున్నావు గదా" యను అత్తగారి మాట. బాధలేని రోగమునకై ఇన్ని గడపలు దాటగలవారెందరు? కచ్చేరీ మెట్లు ఇన్నిమారులెక్కవలసివచ్చినచో, మనలో న్యాయమైన దావానైనను నడుపువారెందరు?

కాగితముపై ప్రశ్నలడుగుట పరీక్ష కాదు. నోరు చూడక, రొమ్ము చూడక, "గడ్డయున్నదా? లేదా?" యని వ్రాసికొని, దానిని పరీక్షలలెక్కలో చేర్చుట ప్రజలను మోసగించుటయే. ఇక ధనము సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007 లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకము పేదల క్యాన్సరునకు శస్త్రచికిత్సకు, మందులకు, కిరణచికిత్సకు సొమ్ము చెల్లించునట్టిది. అది మంచిదే, వేలమందికి ఆసరాయైనది. కాని రోగము ముదిరినపిదప వైద్యశాలకు చెల్లించుటకు ఏర్పాటున్నది. రోగము రాకముందు కూలి మానుకొని వచ్చు స్త్రీకి ఆ కూలి ఇచ్చు ఏర్పాటు లేదు. గొడ్డలికి ఖజానా తెరచియున్నది, గోటికి మూసియున్నది.

నమ్మకము చెడుటయు నొక అడ్డమే. దానిని కట్టినది ప్రజలు కారు. 2009 లో ఖమ్మము జిల్లా భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, ఈ వ్యాధినే నివారించు హెచ్‌.పి.వి. టీకాను ఒక విదేశీ సంస్థ పూనికపై వేలకొలది బాలికలకు వేసిరి. వారిలో గిరిజన వసతిగృహముల పిల్లలనేకులు. తలిదండ్రులు చేయవలసిన సంతకములు పెక్కుచోట్ల వసతిగృహపు అధికారులు చేసిరి. కొందరు పిల్లలు మరణింపగా గగ్గోలు పుట్టి 2010 లో పని నిలిచిపోయెను. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణసంఘము తేల్చినది. కాని అనుమతి తీసికొనిన తీరును పార్లమెంటు స్థాయీసంఘము 2013 లో తీవ్రముగ ఖండించినది. మందు మంచిదే, మర్యాద చెడినది. తల్లి నడుగక బిడ్డకు సూదివేసిన సర్కారు, మరునాడు ఆ తల్లినే పరీక్షకు రమ్మన్నచో ఆమె సందేహించుట అజ్ఞానమా, వివేకమా?

రెండు ఆక్షేపణలకు జవాబు చెప్పి ముగింతుము. "చికిత్సకే చోటులేదు, పరీక్షలెందుకు?" అని కొందరనుచున్నారు. ముదిరిన రోగులతో నిండుటచేతనే చోటు లేదు. మచ్చను మాపుటకు పడక అక్కరలేదు. క్యాన్సరును కోయుటకు కావలెను. ఇల్లంటుకొన్నపిదప బావి త్రవ్వుటయే పొదుపని వాదించువారికి ఏమి చెప్పగలము? "లేని రోగమున్నదని తోచి వట్టి దిగులు కలుగదా?" అని మరికొందరు. కలుగును, ఇది నిజమైన ఆక్షేపణ. ఏ పరీక్షయు తప్పులేనిది కాదు. వెనిగరు పరీక్ష చూచువారి కన్నుపై నాధారపడును. అందుచేతనే తరిఫీదు గట్టిగ నుండవలెను. అందుచేతనే ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 లో వైరసు పరీక్షయే మేలని చెప్పినది. ఆ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ తనంతట తాను, తన గదిలో, ఎవరికిని ఒడలు చూపకయే తీసి యీయవచ్చును. ఆస్ట్రేలియా దేశము 2022 నుండి పరీక్షకు వచ్చు ప్రతి స్త్రీకిని ఈ సదుపాయమిచ్చినది. సిగ్గును గూర్చి ఇంత దిగులుపడు మన పెద్దలు, సిగ్గు నడ్డుతొలగించు సాధనము చేతికందినప్పుడు దానిని తెండని ఏల కేకవేయరు?

కావున మా కోరికలివి. ప్రతి గ్రామమునకు, ప్రతి వార్డునకు, 30 ఏండ్లు నిండిన స్త్రీల పట్టిక పేరుపేరున నుండవలెను. ఇంగ్లండులో 1988 నుండి ప్రతి స్త్రీకి గడువురాగానే పిలుపు పోవుచున్నది. ఓటునకు చీటి పంపగల మన సర్కారు దీనికి పంపలేదా? పరీక్షదినము ముందుగ చాటింపబడవలెను; చూచువారు స్త్రీలే కావలెను; తెరగట్టిన గది ఉండవలెను. మచ్చ తేలినచో వీలున్నంతవరకు ఆనాడే, అచ్చటనే మాపవలెను. పెద్దాసుపత్రికి పంపవలసిన స్త్రీకి బండిచార్జీ, కూలి, తోడు ప్రభుత్వమే సమకూర్పవలెను. ఎంతమందిని ప్రశ్నించితిమనుట కాదు, ఎంతమందిని చూచితిమి, ఎందరిలో అనుమానము తోచినది, వారిలో ఎందరికి చికిత్స పూర్తియైనది అను లెక్కను జిల్లావారీగ ఏటేట ప్రకటింపవలెను.

చివరిమాట ఈ పత్రికను చదువు సోదరులకు. ప్రభుత్వమును నిలదీయుటకు మనకు హక్కున్నది. కాని మన యింటి గడపలో నిలుచున్న అడ్డము మనమే. మీ యింట ముప్పదియేండ్లు దాటిన స్త్రీకి పరీక్ష జరిగినదా యని ఎన్నడైన నడిగితిరా? ఆమె పోవుదినమున అన్నము తామే వండుకొందుమనిరా? మీ నోటిలో మానని పుండుగాని, తెల్లమచ్చగాని యున్నదేమో మీరెన్నడైన చూపించుకొంటిరా? రొమ్మున గడ్డ, అకాలపు రక్తస్రావము వంటి గుర్తులున్నవారు పరీక్షదినమునకై వేచియుండక వెంటనే వైద్యుని చూడవలెనని ఇంట చెప్పితిరా?

పేరంటమునకు పిలుచువారు ఇంటింటికి పోయి, గడపలో నిలిచి, బొట్టుపెట్టి, "తప్పక రావమ్మా" యని చెప్పివత్తురు. అట్లు పిలిచినచోట నూటికి 80 మంది వచ్చిరి. పిలువని పేరంటమునకు రాలేదని నిందించుట మన సంప్రదాయము కాదు. ముందు బొట్టుపెట్టి పిలువుడు; కూరుచుండుటకు చాప వేయుడు; వచ్చినవారిని మర్యాదతో సాగనంపుడు. అటుపిమ్మట ఎవరైన రాకున్నచో, అప్పుడు మాటలాడుదము.